వైరు కాల్చొద్దు, ఒలుచుకుందాం

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నరసరావుపేటలో 26 ఏళ్లుగా ఇళ్ల వైరింగు, మోటార్ల రిపేరు చేసుకుంటున్నాను. పత్రికలకు ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. కానీ పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన వార్త చదివాక ఊరుకోలేకపోయాను. పొలాల్లో మోటారు కేబుళ్లు కోసుకుపోయి, వాగులో తగలబెట్టి, రాగి అమ్ముకుంటున్న కుర్రాళ్లని పట్టుకున్నారని వేశారు. రైతులకి ఎంత నష్టమో రాశారు, పోలీసులు ఎలా పట్టుకున్నారో రాశారు. బాగుంది. కానీ వాగులో ఆ కేబుళ్లు కాలుతుంటే వచ్చిన పొగ గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాలిన రాగిని కొన్నది ఎవరన్నదీ లేదు. నాకు మాత్రం అసలు విషయం ఈ రెండింట్లోనే ఉందనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. దయచేసి చివరిదాకా చదవండి.

కాల్చేది దొంగలొక్కరే కాదండీ. మా పనివాళ్లందరం కాల్చినవాళ్లమే. కోటప్పకొండ తిరునాళ్ల సంగతి మీకు తెలుసు, శివరాత్రికి చిలకలూరిపేట వైపు ఊళ్ల నుంచి, మా పేట చుట్టుపక్కల నుంచి కరెంటు ప్రభలు వస్తాయి. ఒక్కోటి 80, 90 అడుగుల ఎత్తు, కింద నుంచి కొస దాకా బల్బులే. నేను 15 ఏళ్ల వయసులో మా మేస్త్రి వెంట ఆ ప్రభల వైరింగుకే మొదట వెళ్లాను. తిరునాళ్ల అయిపోయి ప్రభ విప్పేటప్పుడు తెగిన ముక్కలు, అతుకులు, మాడిపోయిన హోల్డర్ల తోకలు గోతాల్లో నింపేవాళ్లం. ఆ గోతాలు చేలోకి మోసుకుపోయి, కింద పత్తి కట్టె పేర్చి, అంటించేవాళ్లం. లేచే పొగ కట్టెల పొగలా ఉండదు. నల్లగా, బరువుగా, నేలబారున పాకుతూ వస్తుంది. తువ్వాలు ముక్కుకి కట్టుకున్నా మర్నాటి దాకా గొంతు మండుతూనే ఉండేది. చల్లారాక నీళ్లు చల్లి, కర్రతో కొట్టి బూడిద దులిపి, రాగిని ఉండ చుట్టి అమ్మేవాళ్లం. మా మేస్త్రి మంచివాడు, ఆ డబ్బుల్లో నాకూ వాటా ఇచ్చేవాడు. ఆ పొగలో ఏముందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

తెలిసింది మా అమ్మాయి వల్ల. తను బీఎస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో ఒకసారి షాపుకొచ్చి, వెనక దొడ్లో నేను వైరు కాలుస్తుంటే చూసి, నీళ్ల బకెట్టు తెచ్చి మంట మీద పోసేసింది. "నాన్నా, నువ్వు కాల్చేది ప్లాస్టిక్కు కాదు, అందులో సగం క్లోరిను" అంది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. వైరు మీద ఉండే తొక్క పీవీసీ. ఆ పీవీసీ ముడిసరుకు బరువులో దాదాపు 57 శాతం క్లోరినే. మంట పెడితే అది హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాసుగా వస్తుంది, ముక్కులో, గొంతులో తడి తగలగానే యాసిడ్ అవుతుంది. మాకు అన్నేళ్లు గొంతు మండింది అందుకు. అంతకంటే ప్రమాదమైనవి డయాక్సిన్లు అనే విష రసాయనాలు. పీవీసీ ఎక్కడ సరిగ్గా కాలకుండా మగ్గినా అవి పుడతాయి, కానీ వైరులో పక్కనే రాగి ఉంటుంది కాబట్టి ఆ రాగే వాటి పుట్టుకని ఇంకా ఎగదోస్తుందట. చెత్తలో ప్లాస్టిక్కు కాల్చడం తప్పే, రాగి వైరు కాల్చడం దానికన్నా పెద్ద తప్పు. ఇది నేను చెప్పేది కాదు. 2001లో స్టాక్‌హోంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, మన దేశం 2006లో దానికి ఒప్పుకుంది. డయాక్సిన్లు పుట్టించే పనుల జాబితాలో రాగి కేబుళ్లు మగ్గబెట్టి కాల్చడాన్ని అందులో విడిగా పేరు పెట్టి రాశారు. అంటే మా మేస్త్రి చేలో మేం చేసిన పని ప్రపంచ దేశాల కాగితం మీద ఉందన్నమాట. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ డయాక్సిన్లు గాలిలో కలిసి పోతాయిలే అనుకుంటాం. పోవు. గడ్డి మీద, నేల మీద దిగుతాయి. గేదె ఆ గడ్డి మేస్తే దాని కొవ్వులో చేరతాయి, పాలల్లోకి వస్తాయి. మనిషి ఒంట్లో చేరినవి సగానికి తగ్గాలంటే 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాగు ఒడ్డున ఒక గంటలో కాల్చేసి దులుపుకుని వెళ్లిపోతారు, ఆ ఒడ్డునే మర్నాడు గేదెలు మేస్తాయి. పైగా పాత వైర్ల తొక్కలో సీసం కూడా కలిపేవాళ్లు, అది బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదలో రాగి పోగులు ఏరేది ఎవరో మీరెప్పుడైనా చూశారా? చిన్న పిల్లలు. వేళ్లు సన్నగా ఉంటాయని వాళ్లకి ఆ పని అప్పజెబుతారు.

సరే, కాల్చొద్దు అంటే మరి ఏం చేయాలి? ఒలవాలి. చాకుతో ఒలిస్తే రోజంతా పడుతుంది, వేళ్లు తెగుతాయి, ఎవరూ చేయరు. కాబట్టి చిన్న మిషను కావాలి. అది కొనక్కర్లేదు, చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను, రెండు రకాలు చేశాను, రెండూ రాస్తాను. ఇది చదివి ఎవరైనా ఒక్కరు చేసుకున్నా నాకు చాలు.

మొదటిది చెక్క ముక్క. దీనికి వంద రూపాయలు కూడా కాదు. జానెడు పొడవు, రెండంగుళాల మందం ఉన్న టేకు ముక్క తీసుకోండి, వడ్రంగి దగ్గర పనికిరానిది పడి ఉంటుంది. పై అంచుకి సెంటీమీటరు కింద, ముందు నుంచి వెనక్కి అడ్డంగా నాలుగు రంధ్రాలు వేయండి. ఏ వైరు ఒలవాలో దాని మందం కన్నా అర మిల్లీమీటరు పెద్ద రంధ్రం, అంతకంటే వదులు పనికిరాదు, వైరు పక్కకి తిరిగిపోతుంది. ఇళ్లలో వచ్చే 1, 1.5, 2.5, 4 చదరపు మిల్లీమీటర్ల వైర్లకి నాలుగు సైజులు చాలు. ఇప్పుడు పైనుంచి రంధ్రం దాకా, వైరు నడిచే దారి వెంటే, ఇనుప రంపంతో సన్నటి చీలిక కోయాలి. ఆ చీలికలో పేపరు కట్టర్ బ్లేడు ముక్కని నిలబెట్టి, పక్కనుంచి ఒక స్క్రూ బిగించాలి. బ్లేడు పదును వైరు వచ్చే వైపు చూడాలి. మొన రంధ్రంలోకి ఎంత దిగాలి అన్నదే మొత్తం పనితనం. తొక్క మందంలో కాగితం పొరంత మిగలాలి, బ్లేడు రాగికి తగలకూడదు. తగిలిందా, పోగులు తెగి రాలతాయి, బ్లేడూ మొండివారుతుంది. మొదట తక్కువ దింపి, ఒక మూర లాగి చూసి, చాలకపోతే ఇంకాస్త దింపుకోవాలి. తొక్క మీద గీత పడి, గోటితో విప్పితే చిక్కుడుకాయ ఈనె లాగినట్టు వచ్చేస్తే అదే సరైన లోతు.

వాడటం తేలిక. వైరు కొస రెండంగుళాలు చాకుతో ఒలిచి, రంధ్రంలోంచి అవతలికి దూర్చి, కటింగ్ ప్లేయరుతో పట్టుకుని లాగడమే. చెక్కని బల్లకి గట్టిగా బిగించుకోండి, కాళ్ల మధ్య పెట్టుకుని లాగొద్దు. మా హెల్పరు అలాగే పెట్టుకుని లాగితే వైరు తెగి, వెనక్కి పడి, బ్లేడు అరచెయ్యి కోసింది, నాలుగు కుట్లు పడ్డాయి. నేను చెప్పకపోవడం వల్లే ఆ కుర్రాడికి అలా అయింది, అందుకే ఇది ముందుగా రాస్తున్నాను.

రెండోది తిప్పే మిషను. పెద్ద వైర్లకి, బోరు మోటారు కేబుళ్లకి ఇది కావాలి. లేత్ షాపులో ఒక అంగుళం ఇనుప రాడ్డు ఇచ్చి, మధ్యలో వీ ఆకారం గాడి తీయించి, ఆ గాడిలో గరుకు గీతలు కొట్టించాను, వైరు జారకుండా. రాడ్డు రెండు కొసలూ 15 మిల్లీమీటర్లకి సన్నగా తరిగించాను. ఎందుకంటే మన పాత సీలింగు ఫ్యాన్లలో వచ్చే 6202 బేరింగు లోపలి రంధ్రం సరిగ్గా అంత. ఊగిపోయి పక్కన పడేసిన ఫ్యాన్లు ప్రతి ఎలక్ట్రీషియన్ దగ్గరా ఉంటాయి, ఆ బేరింగులు దీనికి బ్రహ్మాండంగా సరిపోతాయి. పైన కత్తి కోసం ఒక స్టీలు బిళ్ల, రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, లేత్‌లోనే అంచు పదును చేయించి, కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాం. ఆ బిళ్ల స్వేచ్ఛగా తిరిగేలా ఒక ఇనుప చేతికి బిగించి, ఆ చెయ్యి పైకీ కిందకీ కదలడానికి ఒక పొడుగు బోల్టు, దాని కింద స్ప్రింగు. బోల్టు తిప్పితే కత్తి దిగుతుంది. వైరుని లాగే రోలరు ఈ రాడ్డే, దాన్ని తిప్పడానికి పాత కుట్టు మిషను చక్రం. ఆ చక్రం బరువుగా ఉంటుంది కాబట్టి ఒకసారి ఊపు అందుకుంటే చెయ్యి నొప్పి పుట్టదు. లేత్ పని, వెల్డింగు, బోల్టులు అన్నీ కలిపి నాకు 650 రూపాయలు అయింది.

కొందరు దీనికి డ్రిల్లు మిషను తగిలిస్తారు. తగిలించుకోండి, కానీ మెల్లగా తిరిగేలా పెట్టుకుని, రోలరు మీద రేకు మూత బిగించాకే. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు, తిరిగే రోలరు దగ్గర చేతికి గ్లౌజు వేసుకోకూడదు. గ్లౌజు కొస రోలరుకి చిక్కితే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా కూడా మడుచుకోవాలి. కళ్లజోడు మాత్రం పెట్టుకోవాలి.

ఇప్పుడు లెక్క చెబుతాను, ఎందుకంటే లెక్క కుదరకపోతే ఎవరూ మారరు, మారమని అడగడం కూడా న్యాయం కాదు. 2.5 వైరు 90 మీటర్ల కట్టలో రాగి ఎంతుంటుందో తెలుసా? రెండు కిలోలు. 1.5 అయితే కిలో రెండు వందల గ్రాములు. ఇది తూచక్కర్లేదు, వైరు చదరపు మిల్లీమీటర్ల సైజు, పొడవు, రాగి సాంద్రత 8.96 పెట్టి గుణిస్తే వస్తుంది. కాలిస్తే ఆ రెండు కిలోలూ చేతికి రావు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, పత్తి కట్టె మంటకి అది కరగదు, కానీ పైపొర మాడి నల్లటి పెచ్చు కడుతుంది, కొడితే ఆ పెచ్చు రాలిపోతుంది. 2.5 వైరులో ఉండేవి 0.3 మిల్లీమీటర్ల పోగులు 36. అంత సన్న పోగులు కాలితే పెళుసెక్కి, కర్రతో కొట్టేటప్పుడే సగం విరిగి బూడిదలో పోతాయి. మిగిలినదానికి రేటు తక్కువ. నేను అమ్మినప్పుడల్లా ఒలిచిన మెరిసే రాగికీ, కాలిన నల్ల రాగికీ కిలోకి 40 నుంచి 60 రూపాయలు తేడా ఉంది. తొక్క కూడా ఊరికే పోదు, అదీ కిలోల లెక్కన కొంటారు, చెప్పుల అడుగులకీ వాటికీ కరిగిస్తారు.

ఈ లెక్క నాకు నేర్పింది మా వీధి వెనక పాత సామాన్లు ఏరుకునే ఒకామె. ఇళ్లు కొట్టేసేచోట తెగిన వైర్లు తెచ్చి, కాలవ గట్టున వాళ్ల అబ్బాయి చేత కాల్పించేది. నేను చెక్క ముక్క చేసిచ్చి, "చెల్లెమ్మా, ఇకనుంచి దీంతో ఒలుచుకో, పిల్లోడికి ఆ పొగ పట్టించొద్దు" అన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, అంటిస్తే పది నిమిషాల పని. దీంతో కూర్చుంటే పొద్దుపోద్ది. నాకు వంట ఎవరు చేస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. ముక్కలు మూరెడు మూరెడు ఉంటాయి, ఒక్కో కొస ఒలిచి దూర్చడానికే టైము పోతుంది. ఆ సాయంత్రం ఆమె తెచ్చిన గోతం మేమిద్దరం కూర్చుని ఒలిచాం, గంటా పావు పట్టింది, మూడు కిలోల లోపు రాగి వచ్చింది. మర్నాడు నేనే స్క్రాపు కొట్టుకి ఆమె వెంట వెళ్లాను. మెరిసే రాగి రేటు అడిగి ఇప్పించాను. ఆ రాగికి కాలిన రేటు కడితే వచ్చేదానికన్నా ఆమెకి నూట నలభై రూపాయలు ఎక్కువ వచ్చింది. వచ్చేటప్పుడు దారిలో ఆమె అన్న మాట నేను మర్చిపోను: "ఇన్నాళ్లూ నాకు ఈ రేటు ఎవరూ చెప్పలేదన్నా." ఆమె ఒంటరిగా వెళ్తే ఏ రాగికైనా కాలిన రేటే కట్టేవాళ్లు.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. మిషను ఒక్కటే ఇస్తే సరిపోదు, కొట్టువాడి తక్కెడ దగ్గర కూడా మారాలి. ఆఫ్రికాలో ఘనా దేశం రాజధాని అక్రాలో అగ్బొగ్‌బ్లోషీ అని ఒక చోటు ఉండేది, ప్రపంచం పారేసిన కంప్యూటర్లు, కేబుళ్లు అక్కడ కాల్చేవాళ్లు. 2014లో అక్కడ వైర్లు ఒలిచే మిషన్లు తెచ్చి పెట్టారు. అయినా కాల్చడం పూర్తిగా ఆగలేదు, చివరికి 2021లో ప్రభుత్వం ఆ చోటే ఖాళీ చేయించింది. ఇది చదివినప్పుడు నాకు మా వీధి ఆమె మాటే గుర్తొచ్చింది. కాలిన రాగి కొనేవాడు ఉన్నంత కాలం, రెండింటికీ ఒకే రేటు కట్టేవాడు ఉన్నంత కాలం, పది నిమిషాల పని వదిలి గంట పని ఎవరు చేస్తారు?

ఇప్పుడు మీ వార్త దగ్గరికి వస్తాను. మా బావమరిదికి వినుకొండ వైపు మూడెకరాలుంది. మొన్న వేసవిలో స్టార్టరు నుంచి బోరు దాకా ఉన్న కేబులు రాత్రికి రాత్రి కోసుకుపోయారు. 30 మీటర్లు, లోపల మూడు వైర్లుండే కేబులు, ఒక్కోటి 4 చదరపు మిల్లీమీటర్లు. అందులో ఉండే రాగి మూడు కిలోల పైచిలుకు అంతే. దొంగకి వచ్చేది రెండు వేల చిల్లర. మా బావమరిదికి కొత్త కేబులు ఖర్చు ఒకటైతే, మోటారు ఆగి, కాపుకొచ్చిన మిర్చి నాలుగు రోజులు నీళ్లు లేక వాడిపోయింది ఒకటి. అతను చేలో కూర్చుని ఏడవడం నేను చూశాను. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి చుట్టలు ఎత్తుకుపోవడం ఇంకా ఘోరం, దాంతో ఊరి మోటార్లన్నీ ఆగిపోతాయి.

దొంగకి నిప్పు ఎందుకు కావాలో గమనించండి. కేబులు తొక్క మీద కంపెనీ పేరు, సైజు అచ్చు వేసి ఉంటాయి, కొన్నిటికి ప్రతి మీటరు పొడవుకీ ఒక వరుస అంకె కూడా ఉంటుంది. కొత్త నలుపు కేబులు 30 మీటర్లు ఎవరైనా కొట్టుకి తెస్తే ఎక్కడిదని అడగాల్సి వస్తుంది. కాలిస్తే ఆ గుర్తులన్నీ బూడిదే. నల్లటి రాగి ఉండకి పేరు లేదు, ఊరు లేదు. అది ఇల్లు కొట్టేసినచోట ఏరినదో, మా బావమరిది చేలో కోసినదో ఎవరు చెప్పగలరు? కాలిన రాగి కొనడం మానేస్తే దొంగకి ఆ ముసుగు పోతుంది. ఒలిచి తేవాలంటే టైము పడుతుంది, తొక్క మిగులుతుంది, మిగిలిన తొక్కే సాక్ష్యం అవుతుంది. కరెంటు లైన్లు, సామాను దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షనులో మూడేళ్ల దాకా జైలు ఉంది. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను ఉంది. చట్టాలు లేవని ఎవరూ అనలేరు. కొట్టు తక్కెడ దగ్గర ఎవరూ అడగకపోవడమే లోటు.

చెత్త బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. కానీ సార్, ఆ 5,000 మా వీధి ఆమె దగ్గర వసూలు చేస్తే నాకు సంతోషం కాదు. ఆమె నెలంతా ఏరినా అంత మిగలదు. ముందు కొనేవాణ్ణి అడగాలి. ప్రతి స్క్రాపు కొట్టు ముందు ఒక బోర్డు ఉండాలి: కాలిన రాగి ఇక్కడ కొనబడదు, ఒలిచిన రాగి ఈ రోజు రేటు ఇంత. రేటు రాసి పెడితే చాలు, చదువు రానివాళ్లకి కూడా అంకెలు తెలుసు. కొట్టు పక్కనే నేను చేసినలాంటి తిప్పే మిషను ఒకటి బల్లకి బిగించి పెడితే, ఎవరు తెచ్చిన వైరు వాళ్లు అక్కడే ఒలుచుకుని అమ్ముకుంటారు. 650 రూపాయలు ఏ కొట్టుకీ భారం కాదు, మెరిసే రాగి మీద వాళ్లకీ మిగులు ఎక్కువే.

ఐటీఐలలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సుల పిల్లలు ప్రాక్టికల్స్‌లో ఇనుప ముక్కలు అరగదీసి అరగదీసి పక్కన పడేస్తుంటారు. అదే టైములో ఈ మిషను చేయించండి. ఇందులో లేత్ ఉంది, డ్రిల్లింగు ఉంది, వెల్డింగు ఉంది, బేరింగు ఎక్కించడం ఉంది, కొలత తప్పితే పని చేయదు కాబట్టి కొలత నేర్చుకోవడమూ ఉంది. ఒక్కో బ్యాచి పది చేస్తే మా డివిజన్‌లో కొట్లన్నిటికీ ఒక ఏడాదిలో అందుతాయి. ఏ మాస్టారైనా పిలిస్తే నేను వచ్చి ఒక రోజు ఉచితంగా చూపిస్తాను.

ఈ మిషను అన్నిటికీ పనికిరాదని కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టు అవుతుంది. పాత టెలిఫోను కేబుళ్లలో వందల సన్న తీగలు జిగురు గ్రీజులో మునిగి ఉంటాయి, ఫోను ఛార్జర్ల తీగలు ఇంకా సన్నవి, అవి దీనికి రావు. వాటిని సన్నగా తరిగి, ఊపి, రాగిని ప్లాస్టిక్కుని బరువు తేడాతో విడదీసే పెద్ద మిషన్లు ఉన్నాయి, లక్షల్లో ఖరీదు, అవి జిల్లాకి ఒకటి ఉమ్మడిగా పెడితేనే కుదురుతుంది. అప్పటిదాకా అలాంటివి కాల్చకుండా తొక్కతోనే అమ్మేయండి, కొనేవాళ్లు ఉన్నారు. నేల కింద వేసే బాగా పాత కేబుళ్లు కొన్నిటికి పైన సీసం తొడుగు, లోపల నూనెలో నానిన కాగితం ఉంటాయి, వాటిని ఇంట్లో ముట్టుకోవద్దు. మోటారు చుట్టల రాగి మీద ఉండేది వార్నిషు, దాన్ని కత్తితో ఒలవలేం, దానికీ నిప్పు పెట్టొద్దు, చుట్ట తల ఉలితో కొట్టి లాగేసి అలాగే అమ్మేయొచ్చు, మా షాపులో ఇప్పుడు అదే చేస్తున్నాం. ఇంకా పాత ఇళ్లలో 1/18, 3/20 అని మేం పిలిచే వైర్లు కొన్ని రాగి కాదు, అల్యూమినియం. ఒలిచే ముందు కొస గీకి చూసుకోండి, లేకపోతే కష్టమంతా వృథా.

అన్నిటికన్నా ముందు, ఒలిచే వైరు రెండు కొసలూ కళ్లతో చూడండి. ఇల్లు కొట్టేసేచోట మీటరు దగ్గర ఫ్యూజు తీశారు కదా అని ఒకాయన గోడలో వైరు లాగాడు, పక్కింటి నుంచి దొంగ లైను వస్తోందని తెలియక. బతికాడు గాని చెయ్యి ఇప్పటికీ సరిగ్గా ముడవలేడు.

సంపాదకులు గారూ, మీకు నాదొక మనవి. కేబుళ్ల దొంగతనం వార్త ఈసారి వేసేటప్పుడు ఆ కాలిన రాగి ఏ తక్కెడ ఎక్కిందో కూడా అడిగి వేయండి. ఆదివారం సంచికలో వీలైతే ఈ చెక్క ముక్క బొమ్మ, కొలతలతో, అరచెయ్యంత చోటిచ్చి వేయండి. బొమ్మ నేను గీసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, నా గీత అంత బాగుండదు, మీ ఆర్టిస్టు సరిచేస్తే సంతోషం, కొలతలు మాత్రం మార్చొద్దు. మా వీధి ఆమె ఇప్పుడు రోజూ పొద్దున్నే మా షాపు అరుగు మీద కూర్చుని ఒలుచుకుంటుంది. వాళ్ల అబ్బాయి మిషను తిప్పడానికి సరదా పడి వస్తాడు, బడి టైముకి నేనే లేపి పంపేస్తున్నాను. పోయిన శివరాత్రికి ప్రభ విప్పిన గోతాలు రెండు ఆ అరుగు మీదే ఒలిచాం.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.